ఎన్నిసార్లు క్షమించమని అడిగినా బరువు దిగడం లేదన్నారు, నా అనుభవం చెబుతాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నల్గొండ ఆసుపత్రి నుంచి నాన్న రమ్మని ఫోన్ చేస్తే, సెలవు దొరకలేదని అబద్ధం చెప్పి ఇంట్లోనే ఉండిపోయారు. ఆ రాత్రే ఆయన పోయారు. పక్కన మీ చెల్లెలు ఒక్కతే ఉంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ప్రార్థనలో ఏడుస్తున్నానని, అసలు దేవుడు క్షమించాడో లేదో తెలియడం లేదని రాశారు. నేను పాస్టరును కాను, మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాను. ఇదే ప్రశ్న నన్ను మూడేళ్లు నిద్రపోనివ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర ఊరు. తాతల కాలం నుంచి ఎం.బి. (మెన్నొనైట్ బ్రదరెన్) చర్చికే వెళ్తాం. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి నేను. 2014లో అమ్మకు చూపు మసకబారితే హైదరాబాద్ తీసుకెళ్లాం. గ్లాకోమా అన్నారు, మనవాళ్లు నీటికాసులంటారు. చుక్కల మందు ఆపొద్దు, ఎడమ కంటికి తొందరగా ఆపరేషన్ చేయించండి అని చెప్పారు. అన్న బొంబాయిలో సెంట్రింగ్ పని చేసేవాడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని నా ఖాతాలో 38 వేలు వేశాడు.

ఆ డబ్బు పేకాటలో పోగొట్టాను. ఒక్కరోజులో కాదు. ముందు మూడు వేలు తీశాను. అవి రాబట్టుకుందామని ఇంకో ఐదు వేలు. నెలన్నరలో ఖాతా ఖాళీ. అన్న అడిగితే "డాక్టర్ ఇంకా ఆగమన్నడు" అన్నాను. అమ్మకు "అన్న దగ్గర ఇప్పుడు పైసలు లేవంట" అని చెప్పాను. పరాయి ఊళ్లో కష్టపడే కొడుకును డబ్బులడగడం అమ్మకు ఇష్టం ఉండదు, ఆ సంగతి నాకు తెలిసే ఆ మాట అన్నాను. చివరికి అప్పు తెచ్చి తీసుకెళ్లేసరికి ఆ కన్ను పోయింది. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే.

ఆ మూడేళ్లూ నేను ప్రార్థన మానలేదు. మానకపోగా ఎక్కువ చేశాను. మామూలుగా యాభై వేసే కానుక సంచిలో ఐదు వందలు వేసేవాణ్ణి. కానీ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల (యేసు మరణాన్ని తలచుకుంటూ పంచే రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చే సమయానికి ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచేవాణ్ణి. వేపచెట్టు కింద నిలబడితే లోపల ఒక్కొక్కరూ తాగిన చిన్న గ్లాసులు మళ్లీ పళ్లెంలో పెడుతున్న చప్పుడు వినిపించేది. అది ఆగేదాకా లోపలికి పోయేవాణ్ణి కాదు.

ఒక ఆదివారం మత్తయి సువార్త ఐదో అధ్యాయం చదివారు. బలిపీఠం దగ్గరికి అర్పణ తెచ్చాక, నీ సహోదరునికి నీ మీద విరోధం ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడు అన్న మాట. ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు సంచి నా ముందుకొస్తే చేయి జేబులోకి పోలేదు. అన్నకివ్వాల్సిన డబ్బు దేవునికిచ్చి లెక్క సరిచేసుకుంటున్నానని అప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. కన్ను పోయాక ఆమె రాళ్లను చూసి ఏరదు, వేళ్లతో తడిమి పట్టుకుంటుంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆమె వేళ్లు ఆగాయి. చాలాసేపటికి "అన్నకు చెప్పినవా?" అని అడిగింది. చెప్పలేదన్నాను. "ముందు వానికి చెప్పు. వాడు రెక్కలు ముక్కలు చేసుకొని సంపాయించిన పైసలవి" అంది. తన కన్ను గురించి ఒక్క మాట అనలేదు.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. పూర్తయ్యేదాకా విని ఫోన్ పెట్టేశాడు. ఎనిమిది నెలలు మాట్లాడలేదు. నెలకు రెండు వేల చొప్పున అతని ఖాతాలో వేస్తూ పోయాను. మరుసటి క్రిస్మస్‌కు వచ్చి నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. ఇప్పటికీ డబ్బులు వదిన ఖాతాకే పంపుతాడు, నాకు పంపడు. అతనిది న్యాయమే.

అన్న మాట్లాడని ఆ నెలల్లోనే మా పాస్టరుగారు నాకు యేసు శిష్యులైన పేతురునూ యూదానూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఇద్దరూ ఒకే రాత్రి ప్రభువుకు ద్రోహం చేశారు. ఇద్దరూ కుమిలిపోయారు. యూదా ప్రభువును పట్టించినందుకు తీసుకున్న ముప్పై వెండి నాణేలు పట్టుకెళ్లి పాపం చేశానని ప్రధానయాజకుల ముందు ఒప్పుకున్నాడు. దానితో మాకేం పని, నువ్వే చూసుకో అన్నారు వాళ్లు. అతను ఒంటరిగా వెళ్లి ఉరేసుకున్నాడు. పేతురు మిగతా శిష్యులను వదిలిపోలేదు. ప్రధానయాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ఆయనెవరో తెలియదన్నాడు కదా, చనిపోయి తిరిగి లేచాక తిబెరియ సముద్రం ఒడ్డున యేసు మళ్లీ అలాంటి బొగ్గుల నిప్పులే రాజేసి, వాటి మీద చేపలు పెట్టి అతన్ని భోజనానికి పిలిచాడు. మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి మూడుసార్లే "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడిగాడు. జరిగింది జరగనట్టు నటించలేదు. అది విన్నప్పుడు నేను ఏడ్చిన ఏడుపు అంతకుముందు మూడేళ్ల ఏడుపు లాంటిది కాదు.

ఇప్పటికీ అమ్మ చేట ముందు కూర్చుంటే గుండె కలుక్కుమంటుంది. అది పోలేదు, పోవాలని అడగను కూడా. పోయింది భయం. "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అన్న రోమా పత్రిక మాట నా మనసు ఒప్పుకున్న రోజూ నిజమే, ఒప్పుకోని రోజూ నిజమే. మీరు "నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను" అని రాశారు. ఆ పని చేయమని బైబిల్లో నాకెక్కడా కనపడలేదు. తీర్పు చెప్పే కుర్చీ మనది కాదు. సిలువ మీద ఆయన కట్టేసిన అప్పుకు మళ్లీ రోజూ వడ్డీ కట్టడం మానేయండి. ఎవరైనా ఇంత కానుక ఇస్తే, ఇన్ని రోజులు ఉపవాసముంటే నీ దోషం పోతుందంటే మాత్రం నమ్మకండి. డబ్బుతో కొనగలిగేదైతే ఆయన చావాల్సిన పనే లేదు.

రాత్రిళ్లు నిద్ర లేకుండా, బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే టెలి మానస్ అనే మానసిక సహాయ లైన్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బులు అడగరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది విశ్వాసం తక్కువైనట్టు కాదు. అమ్మ కంటికి ప్రార్థనా చేశాం, చుక్కల మందూ వేశాం.

నాన్నగారు లేరు, ఆయనతో చెప్పే అవకాశం పోయింది. కానీ ఆ రాత్రి మంచం పక్కన ఒక్కతే కూర్చున్న మీ చెల్లెలు ఉంది. మీ ప్రశ్నలో ఆమె గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు. ఆమె ఇప్పటికీ మీకు నిజంగానే సెలవు దొరకలేదని అనుకుంటూ ఉండొచ్చు. పండగల దాకా ఆగకుండా ఈ వారమే ఆమె దగ్గరికి వెళ్లండి. ఏమంటుందో నేను చెప్పలేను, మా అన్నలాగే మాట్లాడకుండా లేచిపోవచ్చు కూడా. అయినా వెళ్లండి.