యుద్ధకాలంలో బ్యాలే దుస్తులు ఆడవాళ్ల ఫ్యాషన్‌ను నిజంగా మార్చాయా?

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో గుడ్డకు అంత కరవు వచ్చినప్పుడు బ్యాలే నర్తకుల దుస్తులు ఎలా కుట్టేవారు, వాటి ప్రభావం మామూలు ఆడవాళ్ల ఫ్యాషన్ మీద పడిందన్న మాటలో నిజమెంత అని అడిగారు. ప్రభావం పడిన మాట నిజమే. అయితే అది రెండు విడతలుగా, రెండు వేరు దారుల్లో పడింది. యుద్ధం సాగినంత కాలం నర్తకి సాధన చేసేటప్పుడు వేసుకునే చెప్పులు, కొంతవరకు బట్టలు ఆడవాళ్ల బీరువాల్లోకి చేరాయి. వేదిక మీద మనం చూసే బిగుతైన బాడీ (రవికె లాంటి పై భాగం), విచ్చుకున్న నెట్టు పావడా మాత్రం యుద్ధం ముగిసి గుడ్డ దొరకడం మొదలయ్యాకే ఫ్యాషన్‌లోకి వచ్చాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి రాయడం వల్లే ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద ఇంత గందరగోళం కనిపిస్తుంది.

నేను గుంటూరులో జాకెట్లు, లంగాలు కుట్టడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక ఇంగ్లండు వచ్చి, ఇక్కడ రంగస్థల దుస్తుల తయారీలో శిక్షణ పొంది, కొన్నేళ్లుగా బ్యాలే దుస్తుల మరమ్మతు పని చేస్తున్నాను. అందుకే కింద రాసేదానిలో కొంత చదివి తెలుసుకున్నదైతే, కొంత పాత బట్టలను తిరగేసి, కుట్లు విప్పి చూసి తెలుసుకున్నది.

ముందు మామూలు ఆడవాళ్ల సంగతి చెబుతాను. బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టలకు రేషన్ పెట్టారు. మనిషికి ఏడాదికి 66 కూపన్లు ఇచ్చేవారు. ఉన్ని గౌనుకు 11, జత మేజోళ్లకు 2, ఆడవాళ్ల బూట్ల జతకు 5 కూపన్లు చెల్లించాలి, దాని మీద ధర ఎలాగూ కట్టాలి. తరవాతి సంవత్సరాల్లో ఆ కూపన్లను కూడా తగ్గించుకుంటూ వచ్చారు. 1942లో వచ్చిన పొదుపు నిబంధనలు గౌనుకు ఎన్ని కుచ్చులు ఉండాలో, ఎన్ని గుండీలు, ఎన్ని జేబులు ఉండాలో కూడా నిర్ణయించాయి. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం తయారైన 'యుటిలిటీ' బట్టలకు సీసీ41 అనే గుర్తు వేసేవారు. అందులోని రెండు 'సీ' అక్షరాలు కొంత ముక్క కోసేసిన జున్ను చక్రాల్లా కనిపిస్తాయని జనం ఆ గుర్తును సరదాగా 'చీజులు' అనేవారు. అమెరికాలో అదే ఏడాది ఎల్-85 అనే ఉత్తర్వు వచ్చింది. పావడా ఘేరా 72 అంగుళాలు దాటకూడదని, కింది మడత, బెల్టు రెండేసి అంగుళాలకు మించకూడదని అది ఆంక్ష పెట్టింది. మన దగ్గరా ఆ ఏళ్లలోనే, 1943లో, నూలు బట్టల మీద కంట్రోలు వచ్చింది. మా అమ్మమ్మ తరంవాళ్లు 'కంట్రోలు రోజులు' అని చెప్పుకునేది దాన్ని గురించే.

ఆ కాలపు యుటిలిటీ గౌను ఒకటి పాతబట్టల దుకాణంలో కొని తెచ్చుకుని, ఇంట్లో తిరగేసి చూశాను. పైనుంచి చూస్తే కత్తిరింపు చాలా చక్కగా, భుజాలు నిటారుగా ఉన్నాయి. ఆ పనితనానికి వంక పెట్టలేము. కానీ లోపల పక్క కుట్టు వెంట మిగిల్చిన గుడ్డ నా చిటికెన వేలి వెడల్పు కూడా లేదు. కింది మడత సన్నగా ఉంది. నడుము ఒక అంగుళం పెరిగితే ఆ గౌనును వదులు చేసే దారి లేదు.

బ్యాలే బాడీని తిరగేస్తే సరిగ్గా దీనికి విరుద్ధంగా ఉంటుంది. మనం జాకెట్టు కుట్టించేటప్పుడు 'లోపల గుడ్డ వదలండి' అని దర్జీకి చెప్పినట్టే, ఇక్కడ ప్రతి కుట్టు పక్కన అంగుళం దాకా గుడ్డ వదిలేస్తారు. వీపు మీద హుక్కులకు ఎదురుగా దారంతో అల్లిన కాజాలు ఒక వరుస కాదు, రెండు మూడు వరుసలు ఉంటాయి. ఈ రాత్రి సన్నని అమ్మాయి వేసుకున్న బాడీనే రేపు కాస్త బొద్దుగా ఉన్న అమ్మాయి మరో వరుస కాజాలకు తగిలించుకుని వేసుకుంటుంది. నడుము లోపలి పట్టీ మీద పేర్ల చీటీలు ఒకదాని మీద ఒకటి కుట్టి ఉంటాయి. నేను విప్పిన ఒక పాత బాడీలో పై చీటీ తీస్తే కింద మరొకటి, దాని కింద ఇంకొకటి బయటపడ్డాయి. చంకల దగ్గర గుడ్డ చెమటకు చివికిపోతే అక్కడి ముక్క మాత్రం మార్చేవారు, బాడీని పారేసేవారు కాదు. యుద్ధకాలంలో బ్యాలే బృందాలు బతికి బయటపడటానికి ఈ పద్ధతి ఎంతగానో తోడ్పడిందని నేను అనుకుంటాను. పొదుపు చేయమని ప్రభుత్వం కరపత్రాలు పంచడానికి చాలాకాలం ముందే వీళ్లకు ఆ విద్య వచ్చు.

అయినా ఆ బృందాల కష్టాలు చిన్నవి కావు. లండన్‌లోని శాడ్లర్స్ వెల్స్ బ్యాలే 1940 మే నెలలో ప్రదర్శనల కోసం నెదర్లాండ్స్ వెళ్లి ఉండగా, మే 10న జర్మనీ సేనలు ఆ దేశం మీద పడ్డాయి. నర్తకులు ప్రాణాలతో ఇంగ్లండు చేరారు గానీ, ఆరు బ్యాలేలకు చెందిన దుస్తులు, తెరలు, సంగీత ప్రతులు అక్కడే ఉండిపోయాయి. తరవాత కొన్ని నెలలకు బాంబుదాడుల్లో ఇళ్లు పోయినవాళ్లకు వారి సొంత నాటకశాలను ఆశ్రయంగా ఇవ్వవలసి వచ్చింది. వాద్యబృందం స్థానంలో రెండు పియానోలతో వాళ్లు ఊరూరా తిరిగి నాట్యం చేశారు. ఆ ఏడాది జనవరిలో ఫ్రెడరిక్ ఆష్టన్ కూర్చిన 'డాంటే సొనాటా'లో నర్తకులు జుట్టు విరబోసుకుని, బూట్లు లేకుండా, తేలికైన జాలువారే దుస్తుల్లో కనిపిస్తారు. దాని రూపకర్త సోఫీ ఫెడరోవిచ్ ఎప్పుడూ తక్కువ గుడ్డతో ఎక్కువ చెప్పగల మనిషి. అది గుడ్డ కరవు వల్ల పుట్టిన రూపం కాదు, ఎందుకంటే రేషన్ రావడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది. అలాంటి రూపం యుద్ధం నడిచినంత కాలం ప్రేక్షకులను కదిలించిందన్నది మాత్రం వాస్తవం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. యుద్ధం జరుగుతుండగానే బ్యాలే నుంచి వీధిలోకి వచ్చిన వస్తువు ఏదంటే చదునైన బ్యాలే చెప్పులే, అదీ లండన్‌లో కాదు, న్యూయార్క్‌లో. 1943 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం తోలు బూట్లకు రేషన్ పెట్టి, మనిషికి ఏడాదికి మూడు జతలని తేల్చింది. నాట్యానికి వాడే మెత్తని చెప్పులు ఆ రేషన్ పరిధిలోకి రాలేదు. క్లేర్ మెకార్డెల్ అనే డిజైనరు అప్పటికే రోజువారీ పనులకు పనికివచ్చే సాదా దుస్తులకు పేరు తెచ్చుకుని ఉన్నారు. నాట్యకారుల చెప్పులు కుట్టే కపేజియో సంస్థను ఆమె సంప్రదించి, అదే చెప్పుకు వీధిలో నడవగలిగేంత గట్టి అడుగు వేయించి, తన గౌన్ల గుడ్డతోనే వాటిని తయారు చేయించారు. కపేజియో 1887లో మెట్రోపాలిటన్ ఒపెరా దగ్గర ఒక చిన్న దుకాణంగా మొదలైన సంస్థ. నర్తకులు మాత్రమే గడప తొక్కే ఆ దుకాణపు చెప్పులు అలా పెద్ద దుకాణాల అద్దాల అలమరల్లోకి చేరాయి. మడమ లేని చెప్పును ఇంటి బయట వేసుకోవడం మర్యాద కాదనుకున్న ఆడవాళ్లు రేషన్ పుణ్యమా అని దానికి అలవాటుపడ్డారు. ఈ చెప్పులు ఫ్రెంచి సినిమా తార బ్రిజిట్ బార్డో వల్ల వచ్చాయని చాలామంది రాస్తారు. ఆమె పారిస్‌లో రెపెట్టో సంస్థ చేత చేయించుకున్న జత 1956 నాటిది, అంటే కనీసం పన్నెండేళ్ల తరవాతిది.

ఇదే కోవలో నర్తకులు సాధనలో వేసుకునే ఒంటిబిగుతు దుస్తు లియోటార్డును కూడా చెప్పుకోవాలి. అమెరికన్ డిజైనరు మిల్డ్రెడ్ ఆరిక్ ఆలోచనతో 1943 ప్రాంతంలో ఉన్ని జెర్సీతో ఒంటికి అతుక్కునే లియోటార్డులను చలికాలంలో కాలేజీ అమ్మాయిలు లోపల వేసుకునే బట్టలుగా తెచ్చారు. అవి అప్పట్లో ఖరీదెక్కువై అంతగా సాగలేదు. ఈనాటి లెగ్గింగ్స్, బాడీసూట్ల ముచ్చట చూస్తే ఆ ఆలోచన కాలానికి ముందే పుట్టిందనిపిస్తుంది.

రెండో విడత యుద్ధం ముగిశాక మొదలైంది. యుద్ధమంతా మెక్కా సంస్థ డాన్సు హాలుగా నడిపిన కవెంట్ గార్డెన్‌లోని రాయల్ ఒపెరా హౌస్ 1946 ఫిబ్రవరి 20న 'స్లీపింగ్ బ్యూటీ' బ్యాలేతో మళ్లీ తెరుచుకుంది. బ్యాలే నర్తకి మార్గో ఫాంటేన్ అందులో నాయిక అరోరా పాత్ర వేశారు. బ్రిటన్‌లో బట్టల రేషన్ 1949 మార్చి దాకా ఎత్తివేయలేదన్నది గుర్తుంచుకుంటే, రాజదర్బారు నిండా పట్టు, ముఖమలు చూపించవలసిన ఆ నాట్యానికి దుస్తులు సమకూర్చడం ఎంత పనో అర్థమవుతుంది. సిబ్బంది తమ సొంత కూపన్లు ఇచ్చారని ఈ వృత్తిలోవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రూపకర్త ఆలివర్ మెసెల్ యుద్ధంలో సైన్యానికి కెమోఫ్లాజ్ పని చేసినవాడు, సైనికులు లోపలి నుంచి తుపాకులు పేల్చే కాంక్రీటు గూళ్లను గడ్డివాముల్లాగా, పాడుబడ్డ కట్టడాల్లాగా కనిపించేట్టు మార్చినవాడు. పొగాకు పైపును శుభ్రం చేసే తీగపుల్లలతో, సెల్లోఫేన్‌తో ఆయన కట్టిన కిరీటాలు పది వరుసల అవతల కూర్చున్నవాళ్లకు వెండి నగల్లాగే కనిపించేవి. నా మటుకు నాకు ఆ కాలపు గొప్ప దర్జీపనులన్నింటిలోనూ ఇదే ముందుంటుంది.

దాదాపు ఏడాదికి, 1947 ఫిబ్రవరి 12న, పారిస్‌లో డిజైనరు క్రిస్టియన్ డియోర్ తన మొదటి సేకరణను చూపించారు. పత్రికలు దానికి 'న్యూ లుక్' అని పేరు పెట్టాయి. బిగించిన నడుము, దాని కింద మీటర్ల కొద్దీ గుడ్డతో పరుచుకున్న పావడా, అది నిలబడటానికి అడుగున నెట్టు. బ్యాలే వేదికను చూసే అలవాటున్న కళ్లకు ఆ ఆకారం కొత్తది కాదు. డియోర్‌కు ఆప్తమిత్రుడైన క్రిస్టియన్ బెరార్ బ్యాలేలకు రంగాలంకరణ చేసినవాడే. అదే ఏడాది చివర్లో నాట్యకర్త రొలాన్ పెటీ బృందం నాట్యానికి డియోర్ స్వయంగా దుస్తులు గీశారు. గుడ్డ ఇంకా రేషన్‌లో ఉన్న బ్రిటన్‌లో మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్‌కు ఈ దుబారా మింగుడు పడలేదు గానీ, ఆడవాళ్లు ఆయన మాట వినలేదు. ఫాంటేన్ కూడా డియోర్ దుస్తులు కొనుక్కున్నారు. వాటిలో కొన్ని బాత్ నగరపు ఫ్యాషన్ మ్యూజియం సేకరణలో భద్రంగా ఉన్నాయి.

అయితే న్యూ లుక్ మొత్తాన్నీ బ్యాలేకు అంటగట్టడం నాకు సరికాదనిపిస్తుంది. యుద్ధం రాకముందు, 1939లోనే, పారిస్‌లో సన్న నడుము, దాన్ని బిగించే లోదుస్తులైన కార్సెట్లు తిరిగి తల ఎత్తాయి. యుద్ధం ఆ పోకడను ఆపి ఉంచింది, అంతే. ఆ మధ్య ఏళ్లలో ఆ ఆకారం కళ్లకు కనిపించే చోట్లలో బ్యాలే వేదిక ఒకటి కాబట్టి, దాని గుర్తును జనంలో పోనివ్వకుండా నిలపడంలో బ్యాలేకు పాత్ర ఉందనడం న్యాయంగా ఉంటుంది.

చివరగా, టూటూ, అంటే బ్యాలే నర్తకి విచ్చుకున్న పావడా దుస్తు, కూడా యుద్ధం నుంచి ఒకటి తీసుకుంది. యుద్ధానికి ముందు దాన్ని గంజి పెట్టిన పలుచని నూలు గుడ్డ టార్లటాన్‌తోనూ, నూలు నెట్టుతోనూ కుట్టేవారు. తడి తగిలితే అది వాలిపోతుంది. 1940 మే నెలలో అమెరికా దుకాణాల్లోకి మేజోళ్లుగా వచ్చిన నైలాన్‌ను 1942కల్లా పారాచ్యూట్లకు మళ్లించారు. శాంతి వచ్చాక ఆ దారం నెట్టు రూపంలో కుట్టుగదులకు చేరి, ఈనాడు మనం చూసే, నడుము నుంచి బల్లపరుపుగా నిలబడే టూటూను సాధ్యం చేసింది. మరమ్మతుకు వచ్చిన పాత టూటూను ముట్టుకోగానే నేను మొదట తేల్చుకునేది అది నూలా, నైలానా అన్నదే. నూలైతే నీళ్లు తగలనివ్వను. నైలానైతే ఇస్త్రీపెట్టె దగ్గరికి కూడా తీసుకుపోను.