నాన్నకి పొట్టలో అయోర్టా ఉబ్బిందన్నారు. నాకు 52, నేనూ స్కాన్ తీయించుకోవాలా?

తీయించుకోండి. అయోర్టా అంటే గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం. యాభై దాటారు, ఇక వాయిదా వద్దు. పది నిమిషాల అల్ట్రాసౌండ్, సూది గుచ్చేది కూడా లేదు.

మా నాన్నది కిడ్నీలో రాళ్లేమోనని స్కాన్ తీస్తే బయటపడింది. రాళ్లు లేవు, అయోర్టా మాత్రం 4.6 సెంటీమీటర్లుంది. మామూలుగా 2 ఉంటుంది, 3కి చేరితే అన్యూరిజం, అంటే రక్తనాళం ఉబ్బు, అంటారు. సర్జన్ మొదట అడిగింది, "మీ తోడబుట్టినవాళ్లలో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా?" అని. నాన్న నా వైపు చూశారు. పెద్దనాన్న అలాగే పోయారు, అప్పట్లో అందరం గుండెపోటే అనుకున్నాం.

తోడబుట్టినవాళ్లకీ, పిల్లలకీ ముప్పు మిగతావాళ్లకంటే కనీసం రెట్టింపు. అలాగని వచ్చి తీరుతుందని కాదు. పొగ తోడైతే మాత్రం కష్టమే. నాన్నకి చుట్ట. మేనత్తకి అడ్డపొగ (శ్రీకాకుళం వైపు పెద్ద వయసు ఆడవాళ్లని చూసినవాళ్లకి తెలుసు, నిప్పు నోట్లోకి పెట్టి పీలుస్తారు). "ఆడదాన్ని, నాకెందుకురా ఇయ్యన్నీ" అంది. ఆడవాళ్లకి తక్కువగా వస్తుందన్న మాట నిజమే, కానీ వస్తే చిన్న సైజులోనే పగలొచ్చు. అందుకే మగవాళ్లకి 5.5 దగ్గర ఆపరేషన్ అంటే, వాళ్లకి 5కే ఆలోచిస్తారు. అత్తకి 3.4 వచ్చింది. చుట్ట మానేశానంటుంది, పెరట్లోంచి వాసన వస్తూనే ఉంటుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. కడుపు స్కాన్ రిపోర్టులన్నిట్లో అయోర్టా ఊసు ఉండదు. నా మొదటి రిపోర్టులో లివరు నుంచి ప్రోస్టేటు దాకా అన్నీ రాశారు, ఇదొక్కటే లేదు. మళ్లీ వెళ్లి అడిగితే ప్రోబు బొడ్డు పైన గట్టిగా నొక్కి చూసి, రిపోర్టు అంచున పెన్నుతో "1.9" అని రాసిచ్చారు. డాక్టరు చీటీలోనే "అయోర్టా కొలత" అని రాయించుకోండి. పరగడుపున వెళ్లండి, పేగుల్లో గ్యాసుంటే సరిగా కనబడదు.

నాన్నది మూడేళ్లకి 5.6 అయింది. పొట్ట కోయకుండా గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్ (ఉబ్బిన చోట రక్తనాళం లోపల అమర్చే గొట్టం) వేశారు. ఇప్పుడు బాగున్నారు, ఏటా చెకప్‌కి వెళ్తారు.

మీ నాన్నగారికి ఉన్నట్టుండి కడుపులోనో నడుములోనో విపరీతమైన నొప్పి వస్తే సీటీ స్కాన్, సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికే తీసుకెళ్లండి, అన్యూరిజం ఉందని గుమ్మంలోనే చెప్పండి. గ్యాసు నొప్పని సోడా తాగించి కూర్చోబెట్టకండి. పెద్దనాన్నకి మేం చేసింది అదే.