ఎక్స్‌రేకు ముందే ఆక్సిజన్ ఎందుకు?

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసిన 68 ఏళ్ల మీ నాన్నగారిని జ్వరం, ఆయాసంతో ఒంగోలు తీసుకువెళ్తే, న్యుమోనియా (ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్) అవునో కాదో తేలకముందే ఆక్సిజన్ ఎందుకు పెట్టారని అడిగారు. అత్యవసర విభాగంలో జబ్బు పేరు కంటే ఊపిరి ముందు. సాధారణంగా రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గనివ్వరు. ఏళ్ల తరబడి సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారికి మాత్రం 88–92 చాలు, అంతకు మించితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు.

న్యుమోనియా నిర్ధారణకు ఛాతీ ఎక్స్‌రే ఆధారం. తీవ్రతను తికమక, రక్తంలో పెరిగిన యూరియా, నిమిషానికి 30 లేదా అంతకు మించిన శ్వాసలు, పడిపోయిన బీపీ, 65 లేదా అంతకు మించిన వయసు అనే అయిదింటితో లెక్కిస్తారు. వీటిలో రెండుంటే సాధారణంగా చేర్చుకుంటారు, మూడు లేదా అంతకు మించి ఉంటే ఐసీయూ అవసరమేమో చూస్తారు. వృద్ధులలో జ్వరం లేకుండా తికమక ఒక్కటే కనిపించవచ్చు, ఇంటివాళ్లు దాన్ని వయసు మీదికి తోసేస్తారు.

చేర్చుకున్నవారికి తరచుగా సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు కలిపి ఆలస్యం చేయకుండా మొదలుపెడతారు. రాతి దుమ్ము పీల్చినవారిలో సిలికోసిస్ (ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు), దానివల్ల క్షయ ముప్పు ఎక్కువ కనుక, మీ నాన్నగారికి కళ్లె పరీక్ష తప్పక చేయించాలి. లెవోఫ్లాక్సాసిన్ వంటి మందులు క్షయను కొంతకాలం కప్పిపెట్టగలవు కాబట్టి, క్వారీ పని సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.