గోధుమపిండి, కాఫీపొడి

సందేహం: గోధుమలను మర పట్టిస్తే వచ్చేదాన్ని పిండి అంటున్నాం, కాఫీ గింజలను పట్టిస్తే వచ్చేదాన్ని పొడి అంటున్నాం. రెండూ గింజలే కదా, ఈ తేడా ఎందుకు? ఒక అనువాదంలో ‘కాఫీ గింజలు రుబ్బి’ అని చదివాను. అది సరైన ప్రయోగమేనా?

సమాధానం: ఈ తేడా మెత్తదనాన్ని బట్టి వచ్చింది కాదు. కాఫీని గోధుమపిండి అంత మెత్తగా పట్టించినా దాన్ని పొడి అనే అంటాం. తడి తగిలినప్పుడు ఏమవుతుందన్నదే ఇక్కడ ముఖ్యం. గుప్పెడు గోధుమపిండిలో కాసిని నీళ్లు పోసి కలిపితే ముద్దయి వేళ్లకు అంటుకుంటుంది. కాఫీపొడి మీద పోసిన వేడినీళ్లు రంగునూ సారాన్నీ తీసుకొని కిందికి దిగిపోతాయి, పొడి మాత్రం పలుకులు పలుకులుగానే మిగులుతుంది. గోధుమ గింజలో అధికభాగం మొలక కోసం దాచిన పిండిపదార్థమే; కాఫీ గింజలో అది బహు స్వల్పం. ‘కొట్టి పిండి చేశాడు’ వంటి పలుకుబడిలో పిండికి నుగ్గు అనే అర్థమే ఉన్న మాట నిజమే గాని, వస్తువు పేరుగా వాడేటప్పుడు ఈ భేదం చాలావరకు నిలుస్తుంది.

‘కాఫీ గింజలు రుబ్బి’ అన్నది మాత్రం ఒప్పుకోదగిన ప్రయోగం కాదు. రుబ్బడానికి తడి ఉండాలి. నానిన పప్పును రుబ్బుతాం. దంచడం రోకటి పోటుతో జరిగే పని, నూరడం రాతి మీద ఒత్తి రాసే పని, విసరడం తిరగలిలో పొడి గింజలు పోసి పైరాతిని తిప్పే పని. ఆంగ్లంలో వీటిలో చాలావాటికి ఒకే క్రియ సరిపోతుంది కనుక అనువాదకులు తడబడి ఉంటారు. కాఫీకి ‘పొడి చేసి’, ‘పొడి కొట్టి’, ‘మర పట్టించి’ అన్నవి వాడుకలో ఉన్న మాటలు. అయితే చేతిమరను విప్పి చూడండి: పళ్లున్న రెండు భాగాలలో ఒకటి కదలకుండా ఉంటుంది, రెండవది దానికి ఎదురుగా తిరుగుతుంది, వేపుడుతో పెళుసెక్కిన గింజ ఆ సందులో నలిగి రాలుతుంది. ఇది అచ్చంగా తిరగలి పనే. అందుచేత చేతిమర విషయంలో ‘కాఫీ గింజలు విసిరి’ అని ఎవరైనా రాస్తే నేను తప్పు పట్టను, పైగా సంతోషిస్తాను.

ఇక, రెండూ గింజలే అన్నారు. గోధుమ గింజ నిజానికి తొక్క విత్తనానికి అతుక్కుపోయిన ఎండుకాయ. కాఫీ గింజ పండు లోపలి విత్తనం, సాధారణంగా పండుకు రెండేసి ఉంటాయి. గోధుమ చేనును కోసి నూరుస్తారు; కాఫీ తోటలో పండ్లు కోసి, గుజ్జు వదిలించి, గింజను ఆరబెడతారు. కాబట్టి ‘కాఫీ చేను’, ‘కాఫీ నూర్పిడి’ అన్నవి కూడా అతకని ప్రయోగాలే.