గోధుమ బీరులో అరటిపండు వాసన

ప్రశ్న: బెంగళూరులో, బీరు అక్కడే తయారుచేసి పోసే ఓ మైక్రోబ్రూవరీలో నాలుగు రకాల బీర్లు రుచి చూశాం. గోధుమ బీరు మసగ్గా ఉండి అరటిపండు వాసన కొట్టింది. పాడైపోయిందంటారా? ఏది ముందు తాగాలి?
— ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: పాడవలేదండి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు బీరును పులియబెట్టే ఈస్ట్ వల్లే పుడతాయి. వడకట్టరు కాబట్టి ఆ మసక. వెన్న వాసన వస్తేనే అనుమానించాలి: చాలాసార్లు ఈస్ట్ పని ముగియకముందే చల్లబరిచేసి ఉంటారు, లేదా కుళాయి గొట్టాలు కడిగి ఉండరు.

ముందు తేలికపాటి లాగర్, తర్వాత గోధుమ బీరు, ఆపైన చేదెక్కువుండే ఐపీఏ, చివర నల్లటి స్టౌట్. ఐపీఏ చేదు నాలుక మీద ఉండగా లాగర్ తాగితే నీళ్లే. స్టౌట్‌ను మరీ చల్లగా తాగడం శుద్ధ దండగ. 10–12 డిగ్రీలకు వస్తేగానీ కాఫీ, చాక్లెట్ రుచులు తేలవు. మిరపకాయ బజ్జీలతో మాత్రం ఐపీఏ వద్దు, నోరు మండిపోతుంది. గోధుమ బీరే నయం.