గుద్దుకున్న కారుకు షోరూమా, షెడ్డా?

ప్రశ్న: మా పెట్రోల్ కారు 1,200 సీసీ. కొని మూడేళ్ల నాలుగు నెలలైంది. ముందు వెళ్తున్న ట్రాలీని గుద్దుకుంది. దెబ్బలు ఎవరికీ తగల్లేదు. షోరూమ్ వాళ్లు రూ.84,000 ఎస్టిమేట్ ఇచ్చారు. తెలిసిన టింకరింగ్ షెడ్డులో రూ.48,000 చాలంటున్నారు. రెండు ఎస్టిమేట్లూ పంపుతున్నాను. పాలసీలో జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు కవర్) లేదు, 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) ఉంది. క్లెయిమ్ చేస్తే బోనస్ పోతుంది, షెడ్డులో సొంత డబ్బుతో చేయించుకోమని బంధువులు అంటున్నారు. ఏది మేలు? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు బోనస్ పోతే ఎంత నష్టమో లెక్క కడదాం. బోనస్ ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియానికే వర్తిస్తుంది, థర్డ్ పార్టీకి (ఇతరులకు జరిగే నష్టానికి కట్టేదానికి) లేదు. బోనస్ తీసేయకముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.10,000 అనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే వచ్చే రెన్యువల్‌లో 45 శాతం, ఆ పై ఏడాది నుంచి 50 శాతం తగ్గుతుంది. చేస్తే సున్నాకు పడి మళ్లీ 20, 25, 35, 45 మెట్లు ఎక్కాలి. ఏటా మీరు అదనంగా కట్టేది వరసగా రూ.4,500, 3,000, 2,500, 1,500, 500. మొత్తం రూ.12,000, జీఎస్టీతో రూ.14,160. బండి పాతబడే కొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే.

ఇప్పుడు షోరూమ్ బిల్లులో మీ వాటా. ప్లాస్టిక్ భాగాలు (బంపర్, గ్రిల్, రెండు హెడ్‌లైట్లు) రూ.24,000. వీటి మీద తరుగుదల (పాతబడినందుకు కంపెనీ కోసేది) 50 శాతం, అంటే రూ.12,000 మీది. ఇనుప భాగాలు రూ.30,000. మూడు దాటి నాలుగేళ్లలోపు బండికి 25 శాతం, రూ.7,500. పెయింటింగ్ రూ.16,000లో పావు వంతును మెటీరియల్‌గా లెక్కేసి అందులో సగం కోస్తారు, రూ.2,000. కూలెంట్, ఏసీ గ్యాస్, క్లిప్పుల రూ.2,000 పూర్తిగా మీదే. లేబర్ రూ.12,000 మీద కోత లేదు. 1,500 సీసీలోపు బండికి క్లెయిమ్‌లో మీరు తప్పనిసరిగా భరించాల్సింది రూ.1,000. అన్నీ కలిపి రూ.24,500. బోనస్ నష్టం కలిపినా రూ.38,660.

అంటే సొంతంగా రూ.48,000 పెట్టమని బంధువులు చెప్పిన దారే అన్నింటికంటే ఖరీదు.

షెడ్డులోనే చేయించి క్లెయిమ్ పెడితే? అదే పద్ధతిలో మీ వాటా రూ.13,750. ఎస్టిమేట్లలో తేడా రూ.36,000 కనిపిస్తున్నా మీకు మిగిలేది రూ.10,750 మాత్రమే, మిగతా రూ.25,250 బీమా కంపెనీకి మిగులుతుంది. ఆ రూ.10,750 కోసం ఏం వదులుకుంటున్నారో చూడండి. షెడ్డు ఎస్టిమేట్‌లో ఒక హెడ్‌లైట్‌కు 'లగ్ రిపేర్' (విరిగిన బిగింపు చెవిని అతికించడం) అని ఉంది, కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే భాగం) ఊసే లేదు, రేడియేటర్ సపోర్ట్‌కు 'లాగి సరిచేయుట' అని ఉంది.

అసలు భయం ఈ చివరి దానితోనే. బంపర్ వెనక హెడ్‌లైట్లనూ, బానెట్ లాక్‌నూ, కండెన్సర్‌నూ పట్టుకునే చట్రం అది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ ముందు సెన్సర్ దాని దగ్గరే ఉంటుంది. గ్యాస్‌తో ఎర్రగా కాల్చి లాగితే ఉక్కు బలం పోతుంది, ఇంకోసారి గుద్దుకుంటే ముడుచుకోవాల్సిన తీరులో ముడుచుకోదు. కండెన్సర్‌లో సన్నటి చీలిక ఉంటే ఏసీ వారం పనిచేసి ఆగిపోతుంది. నైట్రోజన్ ప్రెషర్ టెస్ట్ చేయకుండా బాగుందని ఎవరూ చెప్పలేరు.

అందుకని షెడ్డు వాళ్లను కొత్త సపోర్ట్, కండెన్సర్, రెండు హెడ్‌లైట్లతో మళ్లీ ఎస్టిమేట్ అడగండి. చాసిస్ కొలిచే ఫ్రేమ్ బెంచ్, స్పాట్ వెల్డింగ్, పెయింట్ బూత్ ఉన్నాయా, పార్ట్ నంబర్లతో జీఎస్టీ బిల్లు ఇస్తారా అని కనుక్కోండి. అన్నీ ఉంటే షెడ్డు మంచిదే, డబ్బు మాత్రం ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవాలి. ఒక్కటి లేకపోయినా క్యాష్‌లెస్ (బీమా కంపెనీ తన వాటాను నేరుగా కట్టే పద్ధతి) ఉన్న షోరూమ్‌కే వెళ్లండి.

ఎక్కడ చేయించినా సర్వేయర్ (బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే వ్యక్తి) చూడకముందు ఒక్క బోల్టు విప్పనివ్వద్దు. విప్పాక లోపల కొత్త దెబ్బ బయటపడితే భాగం ఆర్డర్ చేసేలోపే మళ్లీ సర్వేయర్‌ను పిలిపించి, అదనపు ఎస్టిమేట్‌కు ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి. క్లెయిమ్‌లు తెగ్గోసేది ఎక్కువగా ఇక్కడే. 'బిల్లు పెంచి మీ వాటా లేకుండా చేస్తాం' అంటే ఆ షెడ్డు వద్దు, పట్టుబడితే మొత్తం క్లెయిమే తిరస్కరిస్తారు.

బండిని పగటి వెలుగులో తీసుకోండి. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండు వైపులా పైనుంచి కింది దాకా ఒకేలా ఉండాలి. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా తాళం తీసుకోకండి.