"తిరస్కరించబడినది" అంటే ఎవరు తిరస్కరించినట్టు?

మీ అమ్మగారి పింఛను దరఖాస్తుకు "పరిశీలించబడి తిరస్కరించబడినది" అని ఒక్క వాక్యం వచ్చిందనీ, దానికి ఏమని జవాబు రాయాలో తెలియడం లేదనీ అడిగారు కదండీ. ముందు టెన్షన్ పడకండి. ఆ వాక్యంలో ఏం లేదో చూడండి: కర్త లేడు.

ఇంట్లో మనం "అన్నం తినబడింది" అనం. మాట్లాడే తెలుగులో ఇలా కర్తని దాచే "బడు" దాదాపు వినిపించదు. ఆఫీసు కాగితాల్లో మాత్రం "ఆదేశించడమైనది", "నిర్ణయించబడినది" అని నిండా ఉంటుంది. పని చేసిన మనిషి కనబడడు కాబట్టి నిర్ణయం దానంతటదే జరిగిపోయినట్టు, ఇక ప్రశ్నించడానికి ఎవరూ లేనట్టు అనిపిస్తుంది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇక్కడే తగ్గిపోతారు.

మీ చిత్తుప్రతిలో "తమరు దయతలచి పునఃపరిశీలించవలసిందిగా వేడుకొనుచున్నాను" అని ఉంది. దీన్ని తీసేయండి, హక్కుని దయగా మార్చేస్తోంది. "మీరు", "గారు" ఉంచండి, మర్యాద చాలు. కర్తని వెనక్కి తెచ్చి ఇలా రాయండి:

"మా అమ్మగారి దరఖాస్తును ఏ అధికారి, ఏ తేదీన, ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా తెలపండి."

పరిపాలనా నిర్ణయాలకు కారణాలను బాధితులకు చెప్పాలని సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(డి) అంటోంది. ఆ సెక్షన్‌ని కింద పేర్కొనండి. జవాబు రాకపోతే అదే చట్టం కింద విడిగా దరఖాస్తు పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మీ కాగితం నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు.